మూత లోపలి సిరా: తాంగ్ కాలపు వెండి భరిణెల పనితనం, ప్రతీకలు

చైనాలోని షియాన్ నగరంలో, షాన్‌షీ చరిత్ర మ్యూజియంలో, తాంగ్ రాజవంశం (618–907) కాలం నాటి, చిలకలు చెక్కిన ఒక వెండి పాత్ర ఉంది. చుట్టూ పూలతీగలు, మధ్యలో రెక్కలు విప్పిన చిలక, బొమ్మల మీద మాత్రం బంగారు పూత. చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు ఆ చిలక దగ్గరే ఆగిపోతాయి. అసలు సంగతి మూత లోపలి వైపు ఉంది. అక్కడ కుంచెతో, సిరాతో, ఎవరో గుమాస్తా రాసుకున్నట్టు రెండు పద్దులు కనిపిస్తాయి: ఊదా స్ఫటికం 50 లియాంగ్‌లు, తెల్ల స్ఫటికం 12 లియాంగ్‌లు. ఆనాటి లియాంగ్ అంటే దాదాపు 41 గ్రాములు, మన లెక్కలో మూడున్నర తులాలు. నగల్లో పొదగడానికి దాచిన రాళ్లు కావవి. నూరి మందుగా మింగడానికి దాచినవి.

ఈ పాత్ర హెజియాచున్ నిధిలోది. 1970 అక్టోబరులో షియాన్ దక్షిణ శివారులో పునాదులు తవ్వుతుంటే రెండు పెద్ద మట్టి జాడీలు, ఒక వెండి జాడీ బయటపడ్డాయి. లోపల వెయ్యికి పైగా వస్తువులు. బంగారు, వెండి పాత్రలే దాదాపు 270. బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ బంగారు నాణెం, పర్షియా రాజు రెండో ఖుస్రో వెండి నాణెం, జపాన్ వాదో కైచిన్ నాణేలు కూడా వాటిలోనే ఉన్నాయి. 756లో అన్ లూషాన్ తిరుగుబాటు సేన రాజధాని మీదికి వస్తుంటే ఒక రాకుమారుడి ఇంటివాళ్లు పూడ్చిపెట్టి పారిపోయారని మొదట అనుకున్నారు. కాదు, 783 నాటి సైనిక తిరుగుబాటులో ప్రభుత్వ ఖజానా చూసే అధికారి దాచి ఉంటాడన్నది తర్వాత వచ్చిన వాదన. మూతల లోపలి రాతలు చూస్తే రెండోదానికే బలం ఎక్కువనిపిస్తుంది. సొంత ఇంటి సామానుకి ఇంత పద్దు ఎవరు రాస్తారు?

అదే నిధిలోని గుండ్రటి వెండి భరిణెల్లో ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం ఉంది, గుహల కప్పు నుంచి వేలాడే సున్నపు రాయి ఉంది. ఈ రాయిని చైనా వైద్యులు ‘పాలు’ అనేవారు. మూతల మీద రకాలు కూడా విడదీసి రాశారు: మేలిమిలో మేలిమి పాలు, దాని తర్వాతి రకం, ఆ తర్వాతది. ఇంగిలీకంలోనూ అంతే, మెరిసేది, కాస్త తక్కువ మెరిసేది. ఒక మూత మీదైతే ‘సేవించదగినది’ అని చిన్న గమనిక కూడా చేర్చారు. మన కిరాణా కొట్లో డబ్బాల మీద ‘మినప్పప్పు – మొదటి రకం’ అని రాసిపెట్టుకోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు, డబ్బా వెండిది కావడం తప్ప.

చైనా వెండి భరిణెల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా బయటి బొమ్మలతో మొదలుపెట్టి బయటి బొమ్మలతోనే ముగిస్తారు. బాతు అంటే దాంపత్యం, తాబేలు అంటే ఆయుష్షు, దానిమ్మ అంటే సంతానం. జాబితా తప్పేం కాదు, కానీ పళ్లానికైనా, గిన్నెకైనా, అద్దం వెనకవైపుకైనా అదే జాబితా అతుకుతుంది. భరిణెకి మాత్రమే ఉన్నవి రెండు: మూత, లోపలి చోటు. పనివాడి నేర్పు అక్కడే తేలుతుంది, ప్రతీక కూడా అక్కడి నుంచే పుడుతుంది.

*

చైనాలో బంగారు, వెండి పాత్రలకు మరీ పాత చరిత్ర లేదు. షాంగ్, జౌ రాజుల కాలంలో గౌరవమంతా కంచుకీ, పచ్చరాయికీ దక్కింది. వెండి భరిణె మొదట పరాయి వస్తువుగానే వచ్చినట్టుంది. గ్వాంగ్‌జౌలో 1983లో బయటపడ్డ నాన్‌యుయే రాజు సమాధి క్రీ.పూ. 2వ శతాబ్దంది. అందులో దొరికిన వెండి భరిణె ఒళ్లంతా వెల్లుల్లి రెబ్బలు పేర్చినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. అది పర్షియా వైపు తీరు. ఇంటిగడప దాటి వచ్చిన ఆ భరిణెలో రాజుగారు దాచుకున్నది మాత్రలు. అంటే భరిణెకీ మందుకీ చైనాలో మొదటి నుంచీ పొత్తే.

ఆ పొత్తు వెనక ఒక నమ్మకం ఉంది. హాన్ చక్రవర్తి వూకి లీ షావోజున్ అనే మాంత్రికుడు చెప్పిన మాట చరిత్రకెక్కింది: ఇంగిలీకాన్ని బంగారంగా మార్చవచ్చు, ఆ బంగారంతో చేసిన పాత్రల్లో తింటే ఆయుష్షు పెరుగుతుంది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత తాంగ్ రాజులు కూడా ఆ మాట నుంచి బయటపడలేదు. అమృతం లాంటి మందుల కోసం పాదరసం, ఇంగిలీకం మింగి ఆరోగ్యం పాడుచేసుకున్న తాంగ్ చక్రవర్తులు ఒకరిద్దరు కారు. 820లో షియెన్‌జోంగ్, 846లో వూజోంగ్, 859లో షువాన్‌జోంగ్ మరణాలకు ఆ మందులే కారణమని చరిత్రకారులు రాశారు. బంగారం తుప్పు పట్టదు కాబట్టి దాన్ని తాకిన ఒళ్లు కూడా చెడదన్నది వాళ్ల తర్కం.

అందుకే ఈ లోహాలు అందరికీ అందే వస్తువులు కావు. తాంగ్ శాసనం ప్రకారం మొదటి శ్రేణి అధికారి సైతం పూర్తి బంగారు పాత్రల్లో తినకూడదు. ఆరో శ్రేణి, ఆ కింది వాళ్లకు పూర్తి వెండి కూడా నిషేధమే. ‘పూర్తి’ అన్న మాటలోనే ఒక సందు ఉంది. వెండి మీద అక్కడక్కడా బంగారు పూత వేసిన వస్తువు పూర్తి బంగారం కాదు కదా! తాంగ్ పనివాళ్లు ఆ పద్ధతినే ఒక అందంగా మలిచారు. తెల్లటి నేల, దాని మీద పచ్చగా మెరిసే బొమ్మ.

*

ఇలాంటి భరిణె ఎలా తయారవుతుందో చూడాలంటే కంసాలి కొలిమి దగ్గర కూర్చున్నట్టు చూడాలి. ముందు వెండి దిమ్మని దాగలి మీద పెట్టి సుత్తితో సాగగొడతారు. దెబ్బ తినేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, ఇంకా కొడితే అంచుల్లో పగులుతుంది. కాబట్టి మధ్యమధ్య నిప్పుల్లో కాచి మెత్తబరచాలి, మళ్లీ కొట్టాలి. వెండి 962 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఎర్రబడీ పడనట్టున్నప్పుడే తీసెయ్యాలి, ఒక్క క్షణం ఏమరితే పనంతా ముద్దయిపోతుంది. మూతకొక రేకు, అడుక్కొక రేకు. రెండూ ఒకే కొలతకు లోతుగా తొట్టిలా తయారవ్వాలి.

తర్వాత చెక్కుడు. పల్చటి రేకు కింద ఆనిక లేకుండా ఉలి పెడితే చిల్లు పడుతుంది. మన కంసాలులు నగిషీకి లక్క పరిచినట్టే వాళ్లూ మెత్తగా పట్టి ఉంచే జిగురు ముద్ద మీద రేకుని ఒత్తి, బొమ్మ గీతల వెంట చిన్న ఉలితో టకటకా కొట్టుకుంటూ పోయారు. భూతద్దంతో చూస్తే తీగ వంపు ఒకే గీత కాదు, ఒకదాని వెనక ఒకటి పడ్డ చిన్న త్రికోణపు గాట్ల వరస. బొమ్మల మధ్య ఖాళీ నేలని మాత్రం వేరే పనిముట్టుతో నింపారు. దాని మొన సన్నటి గొట్టంలా ఉంటుంది, కొట్టిన ప్రతిసారీ చిన్న వలయం పడుతుంది. వేల వలయాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరసలు తీరితే చేప గుడ్లు పరిచినట్టు కనిపిస్తుంది. చైనీయులు దాన్ని చేపగుడ్ల నేల అనే పిలిచారు. ఈ నేల వెలుగుని చెదరగొడుతుంది, దాంతో నున్నటి బొమ్మ ముందుకు వచ్చినట్టు ఉంటుంది. అరచేతంత మూత మీద ఈ వలయాలు కొట్టడానికి పట్టే ఓపిక ఎంతో ఊహించుకోవచ్చు. ఒక వరస వంకర పోయినా జీవితాంతం కనబడుతూనే ఉంటుంది.

హెజియాచున్ భరిణెలు కొన్నిటి మీద మధ్యలో చిన్న చుక్క, దాని చుట్టూ సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తాయి. తరిమెన లాంటి తిరుగుడు యంత్రం మీద పెట్టి నున్నగా చేసిన గుర్తులవి. ఆ పని బయటి అందం కోసం అనిపించవచ్చు. అంతకన్నా ముఖ్యం మూత అంచు. అడుగు భాగానికి లోపలి వైపు పల్చటి కట్టు ఉంటుంది, మూత దాని మీదికి దిగాలి. బిగుతు ఎక్కువైతే తెరిచేటప్పుడు పొడి ఒలికిపోతుంది. వదులైతే మందు తేమ పట్టి పాడవుతుంది. మర లేదు, రబ్బరు లేదు, చాలావాటికి కీలు కూడా లేదు. రెండు అంచుల గుండ్రదనం మీదే అంతా ఆధారపడి ఉంది.

చివరిది బంగారు పూత. బంగారాన్ని సన్నగా చేసి పాదరసంలో కలిపితే వెన్నలాంటి ముద్ద అవుతుంది. దాన్ని బొమ్మల మీద మాత్రం పూసి నిప్పుల మీద తిప్పుతారు. 357 డిగ్రీల దగ్గర పాదరసం ఆవిరై పోతుంది, బంగారం వెండిని పట్టుకుని మిగిలిపోతుంది. తర్వాత నున్నటి రాయితో రుద్ది మెరుగు తెస్తారు. ఆ ఆవిరి పీల్చినవాళ్ల ఊపిరి, నరాలు ఏమయ్యాయో మూతల మీద ఎవరూ రాయలేదు. అయితే ఆ పాదరసం ఎక్కడిది? ఇంగిలీకాన్ని కాలిస్తే వచ్చేది. భరిణె లోపల ఆయుష్షు కోసం దాచిన ఎర్రటి పొడి, బయట బంగారాన్ని అతికించిన ద్రవం, రెండూ ఒకే రాయి నుంచి పుట్టినవి. రసవాది కొలిమికీ కంసాలి కొలిమికీ నిప్పు ఒకటే. బొమ్మల కన్నా ఈ సంగతే ఆనాటి వాళ్ల మనసులో భరిణె విలువని పెంచి ఉంటుంది.

*

మాట దగ్గరికి వద్దాం. భరిణెని చైనీయులు ‘హ’ అంటారు. ఇప్పుడు దానికి ప్రత్యేకమైన అక్షరం ఉంది కానీ తాంగ్ కాలంలో రాసిన అక్షరం వేరు. ‘కలవడం, జత కూడటం’ అనే అర్థమున్న అక్షరమే భరిణెకి కూడా వాడారు. పేరే దాని పని చెబుతుంది, రెండు సగాలు ఒకటవ్వడం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. భరిణె పేరు ‘సామరస్యం’ అనే మాటతో కూడా కలుస్తుందని, కాబట్టి తాంగ్ భరిణె సామరస్యానికి గుర్తు అని చాలాచోట్ల రాస్తుంటారు. నేటి బీజింగ్ ఉచ్చారణలో రెండూ ఒకేలా పలుకుతాయి, నిజమే. తాంగ్ కాలంలో మాత్రం కలయిక అనే మాట చివర ‘ప్’ ధ్వని ఉండేది, సామరస్యం అనే మాటకి అది లేదు. కాంటనీస్ మాట్లాడేవాళ్ల నోట ఆ ‘ప్’ ఇప్పటికీ వినబడుతుంది. భరిణె ఒకరు, తామర ఒకరు పట్టుకుని నవ్వుతూ నిలబడే జంట దేవతల బొమ్మలు తర్వాతి శతాబ్దాలవి, ఆ శ్లేష వాళ్లకి చెల్లుతుంది. చేప అంటే మిగులు అన్న శ్లేష సంగతీ ఇలాంటిదే. తాంగ్ నాటి చెవికి ఆ రెండు మాటలూ వేరువేరుగా వినిపించేవి. పాత వస్తువు మీద కొత్త చమత్కారం రుద్దకుండా ఉండటం మంచిది. పక్షి ముక్కున కరుచుకున్న పట్టు రిబ్బను మాత్రం నిజమైన శ్లేషే. పదవికి గుర్తైన ఆ పట్టీ పేరూ, దీర్ఘాయువు అనే మాటా అప్పుడూ ఒకటిగానే పలికేవి. జంట పక్షులు ఒక ముడిని చెరో కొసా పట్టుకుని ఎగురుతుంటే అందులో పదవి, ఆయుష్షు, దాంపత్యం మూడూ కట్టగట్టినట్టే.

ఆ జంట పక్షుల్లో ఎక్కువసార్లు కనిపించేవి యువాన్‌యాంగ్ బాతులు. మన కావ్యాల్లో చక్రవాకాలు చీకటి పడితే విడిపోయి రాత్రంతా ఏడుస్తాయి. యువాన్‌యాంగ్ బాతులకు ఆ శాపం లేదు, అవి విడిపోవనే వాళ్ల నమ్మకం.

కలయిక అనే అర్థం ఎంత లోతుగా నాటుకుందో చూపే కథ ఒకటి ఉంది. కవి బై జూయీ 806లో, 8వ శతాబ్దపు చక్రవర్తి షువాన్‌జోంగ్ (859లో చనిపోయిన షువాన్‌జోంగ్ వేరు), ఆయన ప్రియురాలు యాంగ్ గ్వీఫేల ప్రేమ మీద దీర్ఘ కవిత రాశాడు. చనిపోయి దేవలోకం చేరిన గ్వీఫే, వెతుక్కుంటూ వచ్చిన దూత చేతికి ఒక గుర్తు ఇచ్చి పంపుతుంది. రాళ్లు పొదిగిన భరిణెలో ఒక సగం, బంగారు జడపిన్నులో ఒక సగం. మిగతా సగాలు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఉంగరమో హారమో ఇవ్వొచ్చు కదా? ఇవ్వొచ్చు, కానీ ఉంగరం ఒంటరిగా ఉన్నా ఉంగరమే. మూత లేని భరిణె పనికిరాదు, ఇంకో మూత దానికి సరిపడదు. చేత్తో చేసిన కాలంలో ఇది కవి అతిశయోక్తి కాదు. అంచు అంచుకీ ఒరిపిడి కుదరాలి కాబట్టి ఏ మూత దేనిదో అదే.

ఇదే ఆలోచన ఆల్చిప్ప ఆకారపు వెండి భరిణెల్లో మరీ స్పష్టంగా ఉంది. అంతకుముందు మొహానికి రాసుకునే లేపనాలు నిజం ఆల్చిప్పల్లోనే పెట్టుకునేవారు. తాంగ్ పనివాళ్లు అదే ఆకారాన్ని వెండిలో తీసి, వెనక కీలు పెట్టి, పైన పూలు, పక్షులు చెక్కారు. ఒక ఆల్చిప్పలోని రెండు చిప్పలు ఒకదానికొకటే సరిపోతాయి, సముద్రంలో మరే చిప్పా వాటికి సరిపోదు.

*

షియాన్ జియావోతోంగ్ విశ్వవిద్యాలయ ఆవరణలో 1979లో దొరికిన మూడు భరిణెల సంగతి వేరు. ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. అన్నిటికన్నా బయటిది ఆరు రేకుల పువ్వు ఆకారం, అరచేతిలో పట్టేంత. దాని లోపల చిలకల భరిణె, దాని లోపల తాబేటి చిప్ప గళ్ల భరిణె, చివరికి స్ఫటికపు పూసలు. బయటి మూత మీద నడిమధ్య ఏనుగు మీద మనిషి, పక్కన ‘కున్‌లున్ రాజ్యం’ (ఆగ్నేయాసియా వైపు దేశం) అని అక్షరాలు. చుట్టూ ఆరు రేకుల్లో ఆరు జాతుల వాళ్లు: టిబెట్, కాష్గర్, కొరియా, నైరుతి కొండల వూమాన్ జనం, ఇంకొక దేశం, వాటితోపాటు ‘బ్రాహ్మణ దేశం’. అంటే భారతదేశం. తాంగ్ కాలపు చైనా మన దేశాన్ని ఆ పేరుతోనూ పిలిచేది. విశేషమేమిటంటే ఏడు దేశాల ఈ బొమ్మలో చైనా లేదు, మధ్యలో కూర్చున్నది కూడా చైనా చక్రవర్తి కాదు. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలన్న కోరిక మాత్రం అక్షరాలా తీరింది. మూత మూస్తే ఏడు దేశాలూ చేతిలోనే.

ఒకదానిలో ఒకటి పెట్టే ఈ పద్ధతి చైనాలో పుట్టింది కాదు. బౌద్ధంతో పాటు మన వైపు నుంచి వెళ్లింది. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన రాతి కరండాల లోపల స్ఫటికపు కరండాలు, వాటితో బంగారు పూలు దొరికాయి. రాతి మీది ప్రాకృత శాసనం రెండు వస్తువుల్నీ పేరు పెట్టి చెబుతుంది: బుద్ధుడి ధాతువులు (ఎముకల్లాంటి అవశేషాలు) ఉంచడానికి కుర తల్లిదండ్రులూ కుర, శివ అనేవాళ్లూ చేయించిన ‘మజూస’, ‘ఫలిగ షముగం’. మంజూష, స్ఫటిక సముద్గం. సముద్గం అంటే మూత ఉన్న భరిణె. నాగార్జునకొండ మహాచైత్యంలో లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో ఎముక ముక్క చిన్న బంగారు భరిణెలో, ఆ భరిణె స్తూపం ఆకారపు వెండి కరండంలో ఉండగా దొరికింది.

ఈ వరస చైనాలో పరాకాష్ఠకు చేరింది ఫామెన్ ఆలయంలో. షియాన్‌కి పడమరన ఉన్న ఈ ఆలయ గోపురం 1981లో సగం కూలింది. 1987 ఏప్రిల్‌లో కింద నేలమాళిగ తెరుచుకుంది. 874లో చక్రవర్తి షీజోంగ్ మూయించాక మళ్లీ ఎవరూ అడుగుపెట్టని గది అది. లోపల ఏమేం పెట్టారో రాతిపలక మీద పట్టిక ఉంది, మళ్లీ అదే గుమాస్తా బుద్ధి. అక్కడ దొరికిన చక్రవర్తి యీజోంగ్ కానుక, ఎనిమిది పెట్టెల వరస. బయటిది చందనపుది, చాలావరకు శిథిలమైంది. తర్వాత నలుగురు దిక్పాలకులు చెక్కిన వెండి పెట్టె, దాని లోపల ఏ చెక్కుడూ లేని సాదా వెండి పెట్టె. ఆ తర్వాత బుద్ధుడి బొమ్మల వెండి, అవలోకితేశ్వరుడి బంగారం, రత్నాలు పొదిగిన బంగారం, రాయి, చిట్టచివర నాలుగు వాకిళ్ల బుల్లి బంగారు స్తూపం. దాని మధ్యలో వెండి కడ్డీ, కడ్డీకి తొడిగిన వేలెముక.

మూడో పెట్టెని సాదాగా వదిలేసిన వాళ్ల వివేకాన్ని మెచ్చుకోవాలి. నగిషీ మీద నగిషీ చూసి అలిసిన కంటికి అక్కడ ఊపిరి అందుతుంది. అయితే అసలు తమాషా ఇంకొకటి. అంత వైభవంగా దాచిన ఆ ఎముక ‘నీడ ఎముక’, అంటే నకలు. ఆలయం అసలు ధాతువుగా గుర్తించినది వెనక గది కింద రహస్య గూట్లో, తుప్పు పట్టిన ఇనప పెట్టెలో ఉంది. ఇనుము లోపల 45 మూర్తులు చెక్కిన వెండి పెట్టె, తర్వాత చందనం, తర్వాత స్ఫటికం, తర్వాత పచ్చరాతి శవపేటిక. 845లో బౌద్ధాలయాలను కూలగొట్టించిన వూజోంగ్ లాంటి రాజు మళ్లీ వస్తే చూపించడానికి నకళ్లు పనికొస్తాయని దాచి ఉంటారని దీన్ని సాధారణంగా వివరిస్తారు. భట్టిప్రోలు ‘ఫలిగ షముగం’ వెయ్యేళ్ల తర్వాత, వేల మైళ్ల అవతల, ఆ ఇనప పెట్టె లోపల మళ్లీ కనిపించడం మాత్రం తెలుగు పాఠకుడికి ఒక క్షణం ఆగాలనిపించే చోటు.

ఇదంతా అందరికీ నచ్చిందనుకోకూడదు. 819లో అదే ఎముకని రాజధానికి ఊరేగింపుగా తెచ్చినప్పుడు హాన్ యూ అనే పండితాధికారి చక్రవర్తికి ఘాటైన నిరసన లేఖ రాశాడు. ప్రాణం దక్కింది కానీ దక్షిణాన చావోజౌకి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆయన కోపం ఎముక మీద. ఐదేళ్ల తర్వాత ఇంకొక అధికారి గోడు సూటిగా పెట్టెల మీదే.

824లో పదిహేనేళ్ల జింగ్‌జోంగ్ సింహాసనం ఎక్కాడు. యాంగ్‌జీ నది దిగువన జెషీ ప్రాంతాన్ని పాలించే లీ దెయూకి రాజధాని నుంచి ఆదేశం వచ్చింది: అలంకార సామగ్రి కోసం వెండి పెట్టెలు, 20 కావాలి. ఫామెన్ పెట్టెల్లాగే పైకప్పు నాలుగు వైపులా వాలి మధ్యలో చదునుగా ఉండే తీరు. లీ దెయూ లెక్క కట్టి చక్రవర్తికి విన్నపం రాశాడు. ఈ ఇరవైకీ వెండి 13,000 లియాంగ్‌లు, బంగారం 130 లియాంగ్‌లు. అంటే అర టన్ను పైచిలుకు వెండి. బంగారం సరిగ్గా అందులో నూరో వంతు, పూతకి సరిపడేంత. అంతకుముందే ఇలాంటి పెట్టెలకు 9,400 లియాంగ్‌ల పైన వెండి అడిగారు, అప్పుడు తన ఖజానాలో రెండు మూడు వందల లియాంగ్‌లు కూడా లేవని, అక్కడా ఇక్కడా కొని చేయించి పంపానని గుర్తుచేశాడు. ఈసారి నాలుగు పండగల కానుకలకని దాచిన వెండి బంగారాలన్నీ కలిపితే రెండు పెట్టెలు అయ్యాయి. మిగిలిన పద్దెనిమిదికి వెండి కొనుక్కురమ్మని మనుషుల్ని హువాయినాన్‌కి పంపాడు. వచ్చిన వెండి వచ్చినట్టే కొలిమికి పోతోందని, పనివాళ్లు రాత్రీ పగలూ ఆపడం లేదని, అయినా గడువుకి అందుకోలేమేమోనని భయంగా ఉందని రాశాడు.